గారమాండా, బాస్కర్‌విల్లా? అచ్చక్షరాలపై పాఠకుల ప్రశ్నలు

ప్రశ్న: దాదాపు 280 పేజీల ఇంగ్లిష్ వ్యాసాల పుస్తకం డిజైన్ చేస్తున్నాను. ఈబీ గారమాండ్, లిబ్రె బాస్కర్‌విల్ అనే రెండు సెరిఫ్ (గీతల చివర చిన్న కొసలున్న) ఫాంట్ల దగ్గర ఆగిపోయాను. రెండూ 11 పాయింట్లలో పెట్టి చూస్తే తెర మీద బాస్కర్‌విల్ నిండుగా ఉంది, గారమాండ్ పీలగా ఉంది. అదే ప్రింటు తీస్తే బాస్కర్‌విల్ పిల్లల వాచకంలా మరీ పెద్దగా కనబడుతోంది. దేన్ని తీసుకోమంటారు?

జవాబు: మీ కళ్ళు సరిగ్గానే చూశాయి. తిరకాసంతా ఆ 11లో ఉంది.

పాయింట్ సైజు అంటే అక్షరం ఎత్తు కాదు. సీసపు అచ్చుల కాలంలో అక్షరాన్ని మోసిన దిమ్మ కొలత అది. ఆ దిమ్మ మీద అక్షరం ఎంత మేర పరుచుకోవాలన్నది గీసినవారి ఇష్టం. కంటికి సైజుగా తోచేది చిన్నబడి ఎక్స్ ఎత్తు, అంటే ఎక్స్ హైట్. ఈబీ గారమాండ్‌లో అది ఫాంట్ సైజులో 0.40 వంతు, లిబ్రె బాస్కర్‌విల్‌లో 0.53 వంతు. 11 పాయింట్ల దగ్గర మొదటిది 4.4 పాయింట్లు, రెండోది 5.8. మిల్లీమీటర్లలో చూస్తే 1.55కూ 2.06కూ ఉన్న తేడా. అర మిల్లీమీటరే కదా అనిపిస్తుంది గానీ, చదివే అక్షరంలో అది మూడో వంతు పెరుగుదల.

ఈ తేడా పొరపాటున వచ్చింది కాదు. లిబ్రె బాస్కర్‌విల్‌ను వెబ్ పేజీల్లో 16 పిక్సెళ్ళ దగ్గర చదవడానికని గీశారు. దాని మూలం 1941 నాటి అమెరికన్ టైప్ ఫౌండర్స్ వారి బాస్కర్‌విల్. తెర కోసం చిన్నబడి అక్షరాల ఎత్తు పెంచారు, లోపలి ఖాళీలు వెడల్పు చేశారు, సన్న గీతలకు కాస్త ఒళ్ళు పట్టించారు. ఈబీ గారమాండ్ దారి వేరు. 1592 నాటి ఎగెనోల్ఫ్–బెర్నర్ నమూనా పత్రంలోని అచ్చులను చూసి గీసింది. కాగితం మీద, పుస్తకపు సైజులో బతకడం దాని పని. పేరు ముందున్న 'ఈబీ' ఆ ఇద్దరి పేర్ల పొడి అక్షరాలే.

కాబట్టి ముందు సైజులు సమం చేయండి. గారమాండ్‌ను 11.5 పాయింట్లలో పెడితే ఎక్స్ హైట్ 4.6 వస్తుంది. అదే 4.6ను 0.53తో భాగిస్తే బాస్కర్‌విల్‌కు 8.7 పాయింట్లు. సాఫ్ట్‌వేర్‌లో 8.7 అని కొట్టడానికి చేయి రాదు, చిన్నదేమో అన్న భయం. కొట్టండి. రెండిటికీ ఒకటే వెడల్పు వరుస, 105 మిల్లీమీటర్లు. ఒకటే లీడింగ్ (వరుసకూ వరుసకూ మధ్య దూరం), 14.5 పాయింట్లు. గారమాండ్‌లో వరుసకు ఖాళీలతో కలిపి దాదాపు 60 అక్షరాలు పడతాయి. చదవడానికి 45 నుంచి 75 దాకా పరవాలేదు కాబట్టి మధ్యలోనే ఉన్నట్టు.

పరీక్షకు మీ పుస్తకంలోని పేజీలే వాడండి. డిజైనర్లు అలవాటుగా అతికించే లాటిన్ పాఠంలో మీ పేర్లు, మీ తేదీలు, మీ కొటేషన్లు ఉండవు. ఒక మామూలు పేజీ, ఫుట్‌నోట్లు ఎక్కువున్న పేజీ ఒకటి, ఇటాలిక్ బాగా ఉన్న పేజీ ఒకటి, మొత్తం మూడు చాలు. ప్రింటర్ సెట్టింగుల్లో 'పేజీకి సరిపడేలా' అన్న ఆప్షన్ తీసేసి 100 శాతం అని పెట్టండి. అది మరిచిపోతే ప్రింటర్ గుట్టుచప్పుడు కాకుండా 94, 96 శాతానికి కుదించేస్తుంది. మీరు లేని సైజును చూసి నిర్ణయం తీసుకుంటారు. నిర్ధారణకు పేజీలో ఒక మూల 100 మిల్లీమీటర్ల గీత పెట్టి, ప్రింటు తీశాక స్కేలుతో కొలవండి. వీలైతే పుస్తకానికి వాడబోయే కాగితం మీదే తీయండి. ఆఫీసు తెల్ల కాగితం మీద పదునుగా ఉన్న అక్షరం గరుకు కాగితం మీద సిరా పీల్చి లావెక్కుతుంది.

ఇక చూడాల్సినవి. మొదట పేజీని తలకిందులుగా తిప్పి చేతిదూరంలో పెట్టండి. చదవడం ఆగిపోయి నలుపు–తెలుపు అల్లిక ఒక్కటే కనబడుతుంది. మచ్చలు మచ్చలుగా ఉంటే స్పేసింగ్ తేడా. తర్వాత మామూలుగా రెండు పేజీలు ఆపకుండా చదవండి. ఒక్క మాట దగ్గర కళ్ళు పెట్టి చూస్తే అన్ని ఫాంట్లూ అందంగానే ఉంటాయి. ఆ తర్వాతే విడి అక్షరాలు. గారమాండ్‌లో చిన్నబడి 'ఈ' కన్ను చాలా చిన్నది, అడ్డగీత బాగా పైకి ఉంటుంది. 11.5 దగ్గర ఇబ్బంది లేదు. ఫుట్‌నోట్లకని 8 పాయింట్లకు దించితే సిరా ఎక్కువైన ఫారాల్లో (ఒకేసారి అచ్చయ్యే పెద్ద కాగితాల్లో) ఆ కన్ను పూడిపోయి 'సి'లా కనబడుతుంది. ఫుట్‌నోట్‌ను 9.5కన్నా కిందికి దించకండి. బాస్కర్‌విల్‌లో చిన్నబడి 'జి' కింది సున్నా పూర్తిగా మూయరు, నోరు తెరిచి ఉంటుంది. పెద్దబడి 'క్యూ' తోక బారుగా సాగుతుంది. ఇవి ఆ కుటుంబం పుట్టుమచ్చలు. శీర్షికలో ముచ్చటగా ఉంటాయి, పాఠంలో పదే పదే వస్తే కొందరికి గుచ్చుకుంటాయి. 'ఆర్, ఎన్' పక్కపక్కన వచ్చినప్పుడు 'ఎం'లా అతుక్కుంటోందా, చిన్నబడి 'ఎల్'కూ 1 అంకెకూ తేడా తెలుస్తోందా అన్నదీ చూసుకోండి.

మీ పుస్తకంలో సంస్కృతం, తెలుగు పేర్లు గుర్తులతో వస్తుంటే ఒక వరుస విడిగా పెట్టి చూడండి: పైన గీత ఉన్న 'ఏ', 'ఐ', 'యు', కింద చుక్క ఉన్న 'టి', 'డి', 'ఎన్', 'ఎస్'. ఆ గుర్తు లేని ఫాంటయితే సాఫ్ట్‌వేర్ చెప్పాపెట్టకుండా వేరే ఫాంట్ నుంచి ఆ ఒక్క అక్షరాన్ని అరువు తెస్తుంది. అది ప్లేటు ఎక్కేదాకా ఎవరి కంటా పడదు.

ఆఖరి లెక్క పేజీలది. ఫారానికి 16 పేజీల చొప్పున 18 ఫారాలంటే 288 పేజీలు. పాఠం 292కు వచ్చి ఆగిందనుకోండి, ఆ నాలుగు పేజీల కోసం అదనపు కాగితం, అదనపు ప్లేట్లు. ఫాంట్ మార్చాల్సిన పని లేదు. పాఠం ఎత్తు 508 పాయింట్లయితే 14.5 లీడింగ్‌తో 35 వరుసలు పడుతున్నాయి, 14.1 చేస్తే 36 పడతాయి. 292 పేజీలు 284 అవుతాయి. మిగిలిన నాలుగు పేజీలు విషయసూచికకో ఖాళీలకో పనికొస్తాయి.

మా తీర్పు అడిగారు కాబట్టి: ఈ పుస్తకానికి ఈబీ గారమాండ్, 11.5 పాయింట్లు, 14.5 లీడింగ్. అందం కన్నా సరంజామా చూసి చెబుతున్న మాట ఇది. అందులో అసలైన స్మాల్ క్యాప్స్ (చిన్నబడి ఎత్తులో గీసిన పెద్దబడి అక్షరాలు) ఉన్నాయి, రెండు రకాల అంకెలున్నాయి, ఐదు బరువుల్లో (గీతల మందాల్లో) ఇటాలిక్‌తో సహా దొరుకుతుంది. లిబ్రె బాస్కర్‌విల్ చాలా కంప్యూటర్లలో ఉన్న పాత వెర్షన్‌లో రెగ్యులర్, ఇటాలిక్, బోల్డ్ మూడే ఉంటాయి. బోల్డ్ ఇటాలిక్ అడిగితే సాఫ్ట్‌వేర్ బోల్డ్‌ను పక్కకు వంచి ఇస్తుంది. అదే పుస్తకానికి వెబ్ పేజీ చేస్తే మాత్రం లిబ్రె బాస్కర్‌విల్‌కే మా ఓటు, 16 పిక్సెళ్ళు, లైన్ హైట్ 1.7. ఎక్స్ హైట్ ఎంత పెద్దదైతే వరుసల మధ్య అంత గాలి కావాలి.

బాస్కర్‌విల్ కళ ఇష్టమే గానీ ఆ భారీతనం వద్దంటే మిసెస్ ఈవ్స్ చూడండి. జుజానా లిచ్కో 1996లో గీసింది. అదీ బాస్కర్‌విల్ వారసత్వమే, కానీ ఎక్స్ హైట్ చాలా తక్కువ. ఒకే తాత మనవలు ఎంత వేరుగా ఉండొచ్చో దాన్ని లిబ్రె పక్కన పెట్టి చూస్తే తెలుస్తుంది. అయితే అది డబ్బు పెట్టి కొనాల్సిన ఫాంట్.

ప్రశ్న: నా కంప్యూటర్‌లో గారమాండ్ ఒకలా, ప్రెస్సులో తెరిస్తే ఇంకోలా ఉంది. వరుసలు కూడా మారిపోయాయి. ఒకటే ఫాంట్ కదా?

జవాబు: ఇంటిపేరు ఒకటే, వంశాలు వేరు. క్లాడ్ గారమాండ్ పారిస్‌లో అచ్చు మూసలు గుద్దే ఉక్కు పంచ్‌లు చెక్కినవాడు, 1561లో పోయాడు. ఆయన పోయిన అర్ధ శతాబ్దం తర్వాత జాఁ జానోఁ అనే మరో ఫ్రెంచివాడు అదే పోలికలో తనవి చెక్కుకున్నాడు. ఆ అచ్చులు చాలాకాలం గారమాండ్ పేరుమీదే చలామణీ అయ్యాయి. 1926లో అచ్చు చరిత్ర పరిశోధకురాలు బియాట్రిస్ వార్డ్ 'పాల్ బోజోన్' అనే మగపేరుతో రాసిన వ్యాసంలో ఈ గుట్టు విప్పింది. అప్పటికే మోనోటైప్ కంపెనీ గారమాండ్ వంటివి జానోఁ నమూనాల మీద తయారై బజారులోకి వచ్చేశాయి. పేరు మార్చే ఓపిక ఎవరికీ లేకపోయింది.

మైక్రోసాఫ్ట్ ఆఫీసుతో వచ్చే 'గారమాండ్' ఆ మోనోటైప్‌దే. అడోబీ గారమాండ్ రాబర్ట్ స్లింబాక్ 1989లో చేసింది. నిలువు అక్షరాలు గారమాండ్‌వి, ఇటాలిక్ మాత్రం రోబేర్ గ్రాన్‌జోఁ అనే ఆయన సమకాలికుడి బాణీ. 1970ల నాటి ఐటీసీ గారమాండ్ వీటన్నిటికీ దూరపు చుట్టం: ఎక్స్ హైట్ బాగా ఎత్తు, ప్రకటనల వాసన. వీటి అక్షరాల వెడల్పులు వేరు కాబట్టి ఒకటి పోయి ఇంకోటి వస్తే వరుసలు విరిగే చోట్లు మారక తప్పదు.

చేయాల్సింది: ప్రెస్సుకు పీడీఎఫ్ పంపండి, ఫాంట్లు ఎంబెడ్ చేసి (ఫైల్లోనే పొదిగి). పీడీఎఫ్ ప్రాపర్టీస్‌లో ఫాంట్ల జాబితా తెరిస్తే పూర్తి పేరు, పక్కన 'ఎంబెడెడ్' అన్న మాట కనబడాలి. ఓపెన్ ఫైలే కావాలని పట్టుబడితే పేజీలు డిజైన్ చేసే ఇన్‌డిజైన్‌లో ప్యాకేజ్ చేసి ఫాంట్ ఫైళ్ళతో కలిపి ఇవ్వండి, లైసెన్సు ఒప్పుకుంటేనే. 'గారమాండ్ వాడాం' అని నోటిమాటగా చెప్పడం మాత్రం 'రావుగారు పంపారు' అన్నట్టే.

ఇందులోనే ఇంకో సంగతి. అమెరికా ప్రభుత్వం గారమాండ్‌కు మారితే కోట్ల డాలర్ల సిరా మిగులుతుందని 2014లో ఒక వార్త చక్కర్లు కొట్టింది. పైన చెప్పిన ఎక్స్ హైట్ లెక్క తెలిస్తే కిటుకు అర్థమవుతుంది. అదే 12 పాయింట్లలో గారమాండ్ చిన్నగా అచ్చవుతుంది కాబట్టి సిరా తక్కువ పడుతుంది. టైమ్స్‌ను ఒకటిన్నర పాయింట్ తగ్గించినా దాదాపు అదే ఆదా.

ప్రశ్న: ఆహ్వానపత్రం నల్ల నేపథ్యం మీద తెల్ల అక్షరాలతో చేశాను. ఫాంట్ బొడోని, చిన్న అక్షరాలు 9 పాయింట్లు. తెరమీద అద్భుతం, అచ్చులో సన్న గీతలన్నీ మాయమై అక్షరాలు ముక్కలుగా కనబడుతున్నాయి. బొడోని వదిలేసి కాస్లాన్‌కు వెళ్ళాలా?

జవాబు: చిన్న అక్షరాలకు వెళ్ళాల్సిందే. పెద్దవాటికి అక్కర్లేదు.

బొడోని, డీడో ఫాంట్ల కోవలో లావు గీతకూ సన్న గీతకూ తేడా విపరీతం. పెద్ద సైజుల కోసం గీసిన బొడోనిలో సన్న గీత ఫాంట్ సైజులో వెయ్యికి 20 వంతులు ఉందనుకుందాం. 9 పాయింట్ల దగ్గర అది 0.18 పాయింట్. తెల్ల కాగితం మీద నల్ల గీత నిలవాలంటేనే కనీసం 0.25 పాయింట్ ఉండాలంటారు ప్రెస్సువాళ్ళు. నలుపులోంచి తెల్లగా వదిలిన గీతకైతే 0.5 కావాలి, ఎందుకంటే చుట్టూ ఉన్న సిరా లోపలికి పాకుతుంది. లెక్క తిప్పి చూస్తే ఈ ఫాంట్ నల్ల మీద తెల్లగా నిలవడానికి 25 పాయింట్లు ఉండాలి. మీరు పెట్టింది 9.

పైగా ఆ నలుపు నాలుగు రంగులు కలిపిన నలుపు అయి ఉంటే ఇంకో దెబ్బ. నాలుగు ప్లేట్లలో ఒకటి వెంట్రుకవాసి జరిగినా సన్న గీతలోకి నీలమో ఎరుపో వచ్చి కూర్చుంటుంది. చిన్న అక్షరాల వెనక ఒక్క నలుపే వాడండి.

దారులు రెండు. పేర్లు, శీర్షిక 30 పాయింట్లపైన బొడోనిలోనే ఉంచి, వివరాలను కాస్లాన్ మీడియం బరువులో 10 పాయింట్లు, ట్రాకింగ్ (అక్షరాల మధ్య ఎడం) +15తో పెట్టండి. లేదా ఆప్టికల్ సైజు ఉన్న బొడోని తీసుకోండి. బొడోని మోడా అలాంటిది, ఉచితం. అందులో సైజు తగ్గేకొద్దీ సన్న గీతలు లావెక్కుతాయి. సీసం కాలంలో ప్రతి సైజుకూ వేరే పంచ్ చెక్కేవాళ్ళు, అదే పని ఇప్పుడు ఒక స్లైడర్ చేస్తోంది. కొన్ని సాఫ్ట్‌వేర్లు ఆ స్లైడర్‌ను వాటంతట అవి కదపవు. మీరు కదిపారో లేదో చూసుకోండి.

ప్రశ్న: వార్షిక నివేదిక. నిండా అంకెల పట్టికలు. జార్జియా బాగుంటుందా, టైమ్స్ న్యూ రోమనా?

జవాబు: జార్జియాలో అంకెలు మామూలుగా పాతబాణీవి: 3, 4, 5, 7, 9 గీత కిందికి దిగుతాయి, 6, 8 పైకి లేస్తాయి. వాక్యంలో ఎంతో బాగుంటాయి. పట్టికలో నిలువు వరుస ఎగుడుదిగుడై కన్ను జారుతుంది. మాథ్యూ కార్టర్ దాన్ని గీసింది 1990ల నాటి తెరల మీద చదవడానికి, లెడ్జర్ కోసం కాదు. ఈ రెండింట్లోనే అయితే టైమ్స్. దాని అంకెలు ఒకే ఎత్తు, ఒకే వెడల్పు.

మూడోది ఒప్పుకుంటే సోర్స్ సెరిఫ్. ఉచితం, బరువులు చాలా, అంకెల రకాలన్నీ ఉన్నాయి. పట్టికలకు 'ట్యాబ్యులర్ లైనింగ్' (ఒకే వెడల్పు, ఒకే ఎత్తు అంకెలు) ఎంచుకోవాలి. ఇన్‌డిజైన్‌లో అది క్యారెక్టర్ ప్యానెల్ మెనూలోని ఓపెన్‌టైప్ కింద ఉంటుంది. వర్డ్‌లో ఫాంట్ డైలాగ్ తెరిచి అడ్వాన్స్‌డ్ ట్యాబ్‌లో నంబర్ స్పేసింగ్, నంబర్ ఫామ్స్ అని రెండు పెట్టెలు. అంకెలు మొత్తం 1లతో ఒక వరుస, 8లతో దాని కింద ఇంకో వరుస కొట్టి చూడండి. కుడిపక్క అంచులు కలవకపోతే సెట్టింగ్ పట్టలేదని అర్థం.

ప్రశ్న: రెండూ నచ్చాయి కాబట్టి శీర్షికలు బాస్కర్‌విల్, పాఠం గారమాండ్ చేస్తే?

జవాబు: వద్దు. తేడా ఉందని తెలిసేంత వేరు కావు, ఒకటే అనుకునేంత దగ్గరా కావు. చదివేవాళ్ళకు ఫాంట్ పొరపాటున మారిందనిపిస్తుంది. ఒకదాన్నే తీసుకుని సైజు, ఇటాలిక్, స్మాల్ క్యాప్స్‌తో తేడా చూపించండి. స్మాల్ క్యాప్స్ ఫాంట్‌లో ఉన్నవే వాడాలి. లేనప్పుడు సాఫ్ట్‌వేర్ పెద్దబడి అక్షరాలను కుదించి ఇస్తుంది. ఎత్తుతో పాటు గీతల మందమూ తగ్గి పక్క అక్షరాల మధ్య జబ్బుపడి లేచినట్టుంటాయి.

ప్రశ్న: తెలుగు పాఠం మధ్యలో ఇంగ్లిష్ మాటలు వస్తుంటాయి. తెలుగు పక్కన గారమాండ్ నప్పుతుందా, బాస్కర్‌విల్ నప్పుతుందా?

జవాబు: తెలుగు ఫాంట్లలో చాలావాటికి అక్షరం ఒళ్ళు పెద్దది, గుండ్రం. దాని పక్కన ఎక్స్ హైట్ తక్కువున్న గారమాండ్ చిన్నబోతుంది. సైజు పెంచి సరిచేద్దామంటే పెద్దబడి అక్షరాలు తాటిచెట్లలా లేస్తాయి. ఇక్కడ లిబ్రె బాస్కర్‌విల్, సోర్స్ సెరిఫ్ లాంటివే మేలు. తెలుగు అలాగే ఉంచి ఇంగ్లిష్‌ను అర అర పాయింట్ చొప్పున తగ్గిస్తూ, తెలుగు 'ర'కూ ఇంగ్లిష్ 'ఓ'కూ ఎత్తు కలిసే చోట ఆగండి. లీడింగ్ మాత్రం తెలుగును బట్టే. పై వరుస కింద వేలాడే వత్తు, కింది వరుసలో గుడి, రెండూ తగలకూడదు. 'స్త్రీ' కింద 'కీర్తి' వచ్చేలా రెండు వరుసలు కొట్టి చూస్తే ఎంత కావాలో తేలిపోతుంది.

ప్రతి ఇంగ్లిష్ మాటనూ చేత్తో మార్చకండి, ఎక్కడో ఒకటి తప్పుతుంది. ఇన్‌డిజైన్‌లో పేరాగ్రాఫ్ స్టైల్లో గ్రెప్ స్టైల్ (అక్షరాల నమూనాను గుర్తుపట్టి తనంతట తానే పనిచేసే సెట్టింగ్) పెట్టి ఇంగ్లిష్ అక్షరాలకు ఒక క్యారెక్టర్ స్టైల్ తగిలించండి. వర్డ్‌లో ఫాంట్ డైలాగ్‌లో లాటిన్ టెక్స్ట్‌కు ఒక పెట్టె, కాంప్లెక్స్ స్క్రిప్ట్స్‌కు వేరే పెట్టె ఉంటాయి. తెలుగు రెండోదాని కిందికి వస్తుంది, ఫాంట్‌తో పాటు సైజూ విడిగా ఇవ్వొచ్చు.

ప్రశ్న: ఉచిత ఫాంట్‌తో చేసిన పుస్తకాన్ని అమ్ముకోవచ్చా?

జవాబు: ఈబీ గారమాండ్, లిబ్రె బాస్కర్‌విల్, సోర్స్ సెరిఫ్ మూడూ ఎస్ఐఎల్ ఓపెన్ ఫాంట్ లైసెన్సు కింద ఉన్నాయి. పుస్తకం, లోగో, వెబ్‌సైట్, ఈబుక్ ఏదైనా చేసి అమ్ముకోవచ్చు. ఫాంట్ ఫైల్‌ను మాత్రం ఒంటిగా అమ్మకూడదు. కొనే ఫాంట్లకు డెస్క్‌టాప్, వెబ్, యాప్, ఈబుక్ లైసెన్సులు చాలా చోట్ల వేరు వేరు. అచ్చు పుస్తకానికని కొన్న లైసెన్సుతో ఈబుక్ చేసేముందు ఆ కాగితం ఒకసారి తీసి చదవండి.